విట్నీ శిఖరం మీద బావ పేరు

కాలిఫోర్నియాలోని విట్నీ పర్వతం కొస మీద ఒక రాతి గది ఉంది. దాని గుమ్మం పక్కన ఒక లోహపు పెట్టె ఉంటుంది. పైకి చేరినవాళ్ళు దాని మూత ఎత్తి, లోపలి పుస్తకంలో పేరూ తేదీ రాసి వస్తారు. 2014 ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ పుస్తకంలో నేను రెండు పేర్లు రాశాను. ఒకటి నాది, రెండోది మా బావది. నేను ఆ పేరు రాస్తున్న సమయానికి ఆయన ఎక్కడో కింద, పగిలిన రాళ్ళ మధ్య, ఒక చేత్తో నుదురు నొక్కుకుంటూ మెల్లగా దిగుతున్నారు. ఆ రోజును తలచుకున్నప్పుడల్లా ముందు ఆ రెండో పేరే కళ్ళముందుకు వస్తుంది. తక్కిన పద్దెనిమిది గంటలూ దాని వెనకాలే వస్తాయి.

బావ అంటే మా అక్క భర్త, నాకంటే పదేళ్ళు పెద్ద. అప్పటికి ఆయన వయసు యాభై రెండు. వృత్తి ఆడిటింగ్. ముప్పై ఏళ్ళపాటు ఇతరుల లెక్కల పుస్తకాలు తనిఖీ చేస్తూ గడిపిన మనిషి కనుక, కళ్ళతో చూడని సరుకు గోదాములో ఉందని కాగితం మీద ఒప్పుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఆ గుణం మా ఇంట్లో అందరికీ వేళాకోళమే అయినా, ఎవరికి ఏ దరఖాస్తు నింపవలసి వచ్చినా చివరికి ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం.

విట్నీకి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే కాళ్ళకంటే ముందు అదృష్టం కావాలి. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. దాని ఎత్తు 14,505 అడుగులు, అంటే 4,421 మీటర్లు. అంత ఎత్తయిన శిఖరానికి, మంచు కరిగిపోయిన వేసవిలో తాళ్ళూ గొడ్డళ్ళూ అక్కర్లేకుండా, చిట్టచివరి వరకు మనుషులు చెక్కిన కాలిబాట ఉండటంతో జనం విరగబడతారు. అందుకని మే 1 నుంచి నవంబరు 1 వరకు రోజుకు నూరు మందికి మాత్రమే పగటి పర్మిట్లు ఇస్తారు, అవి కూడా ఫిబ్రవరిలో మొదలయ్యే లాటరీలో. శని ఆదివారాలకు అడిగితే దొరకదని తెలిసి మేము వారం మధ్యలో రోజులు కోరాము. ఆగస్టు 12, మంగళవారం తగిలింది. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులు.

మొత్తం 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు. బాట మొదలయ్యే విట్నీ పోర్టల్ 8,360 అడుగుల ఎత్తున ఉంటుంది; అక్కడి నుంచి ఆరు వేల అడుగులకు పైగా ఎక్కి, అదంతా అదే రోజు దిగాలి. బావ ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి పట్టిక తయారు చేశారు. ఏ చోటికి ఎన్నింటికి చేరాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎక్కడ నీళ్ళు నింపుకోవాలి అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికంటే కింద, రెండు గీతల మధ్య, ఒకే వాక్యం ఉంది: ఎక్కడ ఉన్నా సరే, ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. వేసవి మధ్యాహ్నాలలో ఆ పర్వతశ్రేణి మీద మబ్బులు కమ్మి పిడుగులు పడటం మామూలు కనుక ఆ నియమం. నన్ను కూడా దాని కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

ఆ పట్టికలో లేనిది ఒక్కటే. నేను అంతకు ముందు వారమే పదివేల అడుగులు దాటిన మౌంట్ బాల్డీ ఎక్కి వచ్చాను. బావకు ఆఫీసులో తీరిక దొరకలేదు. సముద్రమట్టంలో ఉండే మనిషి సోమవారం మధ్యాహ్నం కారు దిగి, పోర్టల్ దగ్గర గుడారంలో నాలుగు గంటలు కూడా సరిగా నిద్రపోకుండా నడక మొదలుపెట్టారు. పలచని గాలికి ఒళ్ళు అలవాటు పడటానికి ఒకటి రెండు రాత్రులు ఎత్తులో పడుకోవాలని ఇద్దరం చదివాం. చదివిందంతా చేస్తే సెలవులు చాలవని ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

పర్మిట్‌తో పాటు చేతికి ఒక సంచి ఇస్తారు. బాట మీద మరుగుదొడ్లు ఉండవు. పూర్వం ఉన్నవాటిని తీసేశారు. అవసరం పడితే ఆ సంచిలోనే కానిచ్చి, మూతి బిగించి, మూటలో పెట్టుకుని కిందికి మోసుకురావాలి. బావ ఆ సంచి మీద అచ్చేసిన సూచనలన్నిటినీ, దీపం వెలుగులో, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించారు. అర్ధరాత్రి పక్క గుడారంలోంచి ఎవరో పగలబడి నవ్వడం నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

రెండున్నరకు బయలుదేరాం. బాట మొదట్లో మూటలు తూచుకోవడానికి ఒక త్రాసు వేలాడుతూ ఉంటుంది. అలాంటి వస్తువు కనపడితే బావ ఊరుకుంటారా? ఇద్దరి మూటలూ తగిలించి, బరువులు పట్టిక అంచున రాసుకుని, నా మూట తన మూటకంటే బరువు తక్కువని తేలాక, తన నీళ్ళ సీసా ఒకటి తీసి నా మూటలో పెట్టారు.

చంద్రుడు దక్షిణాన బాగా పైకి వచ్చి ఉన్నాడు. చెట్లు దాటిన ప్రతిసారీ తలకు కట్టుకున్న దీపాలు ఆర్పేసి నడిచాం. రెండు వైపులా గ్రానైట్ గోడలు, వెన్నెల్లో సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. మాకంటే ముందు బయలుదేరినవాళ్ళ దీపాలు కొండ మెలికల మీద ఒకదానిపై ఒకటిగా, కదులుతున్నాయా లేదా అన్నంత నెమ్మదిగా పైకి పోతున్నాయి. మొదటి గంట మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటూనే నడిచాం. లోన్ పైన్ వాగును దాటేచోట దుంగలు ఒకదాని చివర ఒకటి పరిచి ఉంటాయి. కింద నీళ్ళు కనపడవు, చప్పుడు మాత్రం కాళ్ళ కింద దడదడలాడుతూ ఉంటుంది. బావ ఆ దుంగల మీద అడుగు ముందు అడుగు వేస్తూ, చేతులు చాపి, వెనక్కి చూడకుండానే, "ఈ దుంగల లెక్క ఎవరైనా రాసుకున్నారంటావా?" అన్నారు.

ఔట్‌పోస్ట్ క్యాంపు దాటి, మిర్రర్ లేక్ ఒడ్డుకు వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. అక్కడి నుంచి చెట్లు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. చివరగా మిగిలేవి ఫాక్స్‌టెయిల్ పైన్ చెట్లు. వాటి కొమ్మలు నక్కతోకల్లా గుబురుగా ఉంటాయి. మొదళ్ళు గాలికి మెలితిరిగి, బెరడు ఊడిన చోట తేనె రంగులో నున్నగా మెరుస్తూ ఉంటాయి. అవి కూడా అయిపోయాక ఇక అంతా రాయే. అప్పుడు వెనక, ఒవెన్స్ లోయకు ఆవల, ఇన్యో కొండల మీదుగా సూర్యుడు లేచాడు. మా ముందున్న శిఖరాల వరస మొదట గులాబి, తరువాత నారింజ, ఆపైన మామూలు రాయి రంగుకు వచ్చేదాకా పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాలు పట్టికలో లేవు. అయినా బావ నోరెత్తలేదు.

సూర్యుడు వచ్చిన ఆ దిక్కునే, ఇన్యో కొండలకు అవతల, డెత్ వ్యాలీ ఉంది. అందులోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన, ఉత్తర అమెరికా అంతటికీ పల్లపు చోటు. కాకి దారిన లెక్కేస్తే విట్నీకి దానికి మధ్య దూరం 85 మైళ్ళే. నేను ఈ సంగతి చెబితే బావ ఆగి, వెనక్కి తిరిగి, ఆ మంచుపొగలోకి చాలాసేపు చూశారు. "ఒకే ఖాతాలో రెండు కొసలూ పెట్టారన్నమాట," అన్నారు.

ఏడున్నరకు ట్రైల్ క్యాంపు చేరాం. 12,000 అడుగులు, ఆరు మైళ్ళు అయ్యాయి. ఆపైన నమ్మదగిన నీళ్ళు ఉండవు కనుక అందరూ అక్కడ ఆగి, చెరువు నీళ్ళను వడపోసుకుని సీసాలు నింపుకుంటారు. మూటలోంచి చిప్స్ పొట్లం తీస్తే అది ఊదిన బుడగలాగా ఉబ్బి, గోటితో కొడితే మద్దెలలా మోగింది. బయట గాలి ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ లోపలి గాలి వ్యాకోచించడమే అది. పొట్లానికి జరిగేది కంటికి కనపడుతుంది; మనిషికి జరిగేది కనపడదు. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో అరవై శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అంటే ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు అంతే తగ్గుతుంది. బావ చిప్స్ వద్దన్నారు. ఆకలి లేదన్నారు. తెల్లవారుజాము నుంచి ఆరు మైళ్ళు ఎక్కిన మనిషికి ఆకలి లేకపోవడం ఏమిటని నాకు తట్టి ఉండవలసింది. నేను ఆయన వాటా కూడా తినేశాను.

అక్కడ రాతి మీద కూర్చుని నీళ్ళు వడపోస్తూ నేను ఆయనకు క్లారెన్స్ కింగ్ కథ చెప్పాను. 1864లో కాలిఫోర్నియా భూగర్భ సర్వే వాళ్ళు ఈ శిఖరాన్ని దూరం నుంచి చూసి, తమ అధికారి జోసయా విట్నీ పేరు పెట్టారు. ఆ బృందంలోని కింగ్ అనే యువకుడు ఆ ఏడే ఎక్కబోయి ఎక్కలేకపోయాడు. 1871లో మళ్ళీ వచ్చి, మబ్బుల్లో ఒక శిఖరం ఎక్కి, విట్నీని జయించానని లోకానికి చాటాడు. రెండేళ్ళ తరువాత తెలిసింది, ఆయన ఎక్కింది దక్షిణాన కొన్ని మైళ్ళ అవతల ఉన్న వేరే కొండ అని. దానిని ఇప్పుడు లాంగ్లీ అంటారు. ఆ వార్త విని కింగ్ హడావిడిగా తిరిగివచ్చి 1873 సెప్టెంబరు 19న అసలు శిఖరం ఎక్కాడు. కానీ అంతకు నెల ముందే, ఆగస్టు 18న, కొండ కింది లోన్ పైన్ ఊరి వైపు నుంచి చేపలు పట్టుకోవడానికి వచ్చిన ముగ్గురు సరదాగా ఎక్కి దిగేశారు. దానికి జాలర్ల శిఖరం అని పేరు పెట్టాలని వాళ్ళ కోరిక. అది నిలవలేదు.

బావకు ఈ కథలో సాహసం, పోటీ ఇవేవీ పట్టలేదు. సీసా మూత బిగిస్తూ, "అంటే రెండేళ్ళపాటు పుస్తకాల్లో దొంగ ఎంట్రీ నడిచిందన్నమాట," అన్నారు. "పోనీలే, వచ్చి సరిచేశాడుగా. ఆ మాత్రం చేసేవాళ్ళు కూడా ఎంతమంది!"

ట్రైల్ క్యాంపు వెనకాల కొండ గోడలా లేస్తుంది. ఆ గోడ మీద బాట అటూ ఇటూ మెలికలు తిరుగుతూ రెండు మైళ్ళకు పైగా సాగి, దాదాపు 1,600 అడుగులు ఎక్కుతుంది. మెలికలు తొంభై ఏడని కొందరు, తొంభై తొమ్మిదని కొందరు అంటారు. ఈ వివాదాన్ని తానే తేలుస్తానని బావ మొదటి మలుపు దగ్గర ప్రకటించారు. పది, ఇరవై, ముప్పై అని ప్రతి పదికీ పైకి చెబుతూ వచ్చారు. మధ్యలో ఒకచోట బాట పక్కన ఇనుప తీగలు కట్టిన కటకటాలు ఉంటాయి. పైనుంచి ఊరే నీరు అక్కడ గడ్డకట్టి, వేసవి వచ్చినా ఒక పట్టాన కరగదు. మేము వెళ్ళినప్పుడు తడి మాత్రమే ఉంది. అది దాటాక నలభై అన్నారు, యాభై అన్నారు. అరవై తరువాత చాలాసేపటికి కూడా డెబ్భై వినపడలేదు. "ఎన్నయ్యాయి బావా?" అని అడిగితే, "తప్పిపోయింది," అని ఊరుకున్నారు.

ఆయన లెక్క తప్పిపోవడమా! ఆ మాట విని నేను అక్కడే నిలబడి, ఆయన ముఖంలోకి చూసి, నొప్పి ఎక్కడ ఉందో అడగవలసింది. ఎప్పుడూ లెక్క తప్పని మనిషి తప్పాడు కదా అని సంబరపడ్డాను. ఇంటికి వెళ్ళి అక్కకు ఎలా చెప్పాలో మనసులో కూర్చుకుంటూ మిగిలిన మెలికలు ఎక్కేశాను. ఎక్కేటప్పుడు వెనక కాలి మోకాలు బిగించి, ఒక్క క్షణం బరువంతా ఎముకల మీద మోపి, కండరానికి విశ్రాంతి ఇచ్చి, అప్పుడు ముందు కాలు ఎత్తాలని నేర్చుకుని ఉన్నాను. అడుగుకో ఊపిరి. ఆ పనిలో పడితే పక్క మనిషి గొడవ పట్టదు. అది పద్ధతిలో దోషమో, నాలో దోషమో.

పదకొండుం పావుకు ట్రైల్ క్రెస్ట్ కనుమ మీదికి వచ్చాం. 13,600 అడుగులు దాటిన చోటు. అప్పటిదాకా తూర్పు వైపు మాత్రమే చూస్తున్న కళ్ళకు ఒక్కసారిగా పడమర తెరుచుకుంటుంది. అటంతా సెక్వోయా నేషనల్ పార్క్. కింద హిచ్‌కాక్ చెరువులు నీలపు రాళ్ళలా కనపడతాయి, ఇంకాస్త ముందుకు వెళితే గిటార్ లేక్ తన పేరుకు తగ్గ ఆకారంలోనే కనపడుతుంది. అంత అందం చూపించిన బాట ఆ వెంటనే చేసే పని మాత్రం దుర్మార్గం: కిందికి దిగుతుంది. చెమటోడ్చి సంపాదించిన ఎత్తులో దాదాపు రెండు వందల అడుగులు పోగొట్టుకుని, జాన్ మ్యూర్ ట్రైల్ అనే పొడవాటి కాలిబాట కలిసే చోటికి చేరాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండు వందల అడుగులూ, అరిగిపోయిన కాళ్ళతో, మళ్ళీ ఎక్కాలి.

ఆ కూడలి దగ్గర, దూరం నుంచి వచ్చేవాళ్ళు బరువు మూటలు దించి ఖాళీ చేతులతో శిఖరానికి వెళుతుంటారు. ఆ మూటల మధ్య ఒక మార్మట్ తాపీగా తిరుగుతోంది. ఉడుత జాతిదే కాని పిల్లి అంత ఉంటుంది. అది ఒక ఎర్రమూట భుజపు పట్టీని రెండు ముందుకాళ్ళతో పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, చెరుకు నమిలినట్టు నములుతోంది. చెమట ఉప్పు కోసం ఆ ఆరాటం. నేను అదిలిస్తే నా వంక చూసి, నోట్లోది మింగి, మళ్ళీ మొదలుపెట్టింది.

అక్కడి నుంచి శిఖరానికి 1.9 మైళ్ళు. కింద అయితే నలభై నిమిషాల నడక. అక్కడ గంటన్నర దాటినా ఆశ్చర్యం లేదు. బాట శిఖరాల వరుసకు వెనక వైపున, రాళ్ళ గుట్టల మీదుగా పోతుంది. మధ్యమధ్య రెండు శిఖరాల నడుమ సందులు వస్తాయి. కిటికీలు అంటారు వాటిని. వాటిలోంచి తొంగిచూస్తే తూర్పు వైపు నేల ఒక్కసారిగా లేకుండా పోయి, ఎన్నో వందల అడుగుల కింద తెల్లవారుజామున మేము నడిచిన లోయ కనపడుతుంది. రాళ్ళ నెర్రెల్లో స్కై పైలట్ పూలు, నీలం ఊదా కలిసిన చిన్న బంతులు, మట్టి ఎక్కడిదో తెలియకుండా పూసి ఉన్నాయి. ఆ వరుసలో ఒక శిఖరం పేరు క్రూక్స్ పీక్. అరవై అయిదేళ్ళ వయసులో మొదలుపెట్టి తొంభై ఒకటి వరకు విట్నీని ఇరవై మూడు సార్లు ఎక్కిన హుల్డా క్రూక్స్ పేరు మీద 1991లో దానికి ఆ పేరు పెట్టారు. అంతకుముందు దాన్ని డే నీడిల్ అనేవాళ్ళు. బావను ఉత్సాహపరుద్దామని ఈ సంగతి చెప్పాను. ఆయన తలూపారు. జవాబు చెప్పడానికి ఊపిరి ఖర్చు చేయదలుచుకోలేదని ఇప్పుడు అర్థమవుతుంది.

ఒంటిగంటకు పది నిమిషాలు ఉందనగా, కొండ నెత్తి విశాలమైన వాలుగా మారిన చోట, ఆయన ఒక పలకరాయి మీద కూర్చున్నారు. పైన రాతిగది రేకుల కప్పు ఎండకు తళుక్కున మెరిసింది.

"బావా, అదిగో కప్పు కనపడుతోంది. ఇంకో ఇరవై నిమిషాలే."

"నాకూ కనపడుతోందిరా. అందుకే కూర్చున్నాను."

అప్పుడు చూశాను ఆయన ముఖం. పెదవులు పాలిపోయి ఉన్నాయి. వేళ్ళు ఉబ్బి ఉంగరం చర్మంలోకి దిగబడి ఉంది. తలనొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే, ట్రైల్ క్యాంపు నుంచి అన్నారు. వికారంగా కూడా ఉందన్నారు. మాట తడబడటం లేదు, నిలబెట్టి చూస్తే తూలడం లేదు. ఆ రెండూ ఉంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని ఇద్దరికీ తెలుసు.

"అయితే దిగిపోదాం పదండి," అన్నాను.

"ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుంది. నీకు బాగానే ఉందిగా, వెళ్ళిరా. నేను మెల్లగా కూడలి దాకా దిగుతుంటాను. ఈ దారి నిండా జనమే ఉన్నారు."

దిగిపోదాం అని నేను రెండోసారి అనలేదు. ఆయన చెప్పిన లెక్కలో కూడా పది నిమిషాలు తక్కువ పడ్డాయని, నేను పైకి చేరేసరికి ఒంటిగంట దాటుతుందని ఇద్దరికీ తెలుసు. సంతకం పెట్టిన నియమాన్ని, తలనొప్పితో ఉన్న మనిషిని, రెండింటినీ ఆ రాతి మీద వదిలేసి వెళ్ళాను. ఇప్పుడైతే ఆ పని చేయను. అప్పుడు మాత్రం కాళ్ళు వాటంతట అవే పైకి నడిచాయి.

శిఖరం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఫుట్‌బాల్ మైదానంలా వెడల్పుగా, పెద్ద పెద్ద పలకరాళ్ళు పరిచినట్టు ఉంటుంది. ఇరవై మంది దాకా ఉన్నారు. తూర్పు అంచున పాతిన కంచు బిళ్ళ మీద ఎత్తు 14,494 అని ఉంది. తరువాత కొలతల పద్ధతి మారి, లెక్క తిరగవేసి 14,505 అన్నారు తప్ప కొండ పెరగలేదు. బావ పక్కన ఉంటే ఆ పదకొండు అడుగుల తేడా సంగతి తేలేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదని అనుకున్నాను. అనుకోగానే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. రాతిగదిని 1909లో స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ళు ఖగోళ పరిశీలనల కోసం కట్టించారు. దానికి అయిదేళ్ళ ముందు, 1904లో, ఈ కొండకు మొదటి బాట పూర్తయిన కొద్ది రోజులకే ఒక మనిషి శిఖరం మీద పిడుగుపడి చనిపోయాడు. 1990లో అదే గదిలో తలదాచుకున్నవాళ్ళలో కూడా ఒకరు పిడుగుకు బలయ్యారు. పిడుగుల వేళ లోపలికి పోవద్దని అక్కడ హెచ్చరిక ఉంటుంది. పడమటి వైపు మబ్బులు అప్పటికే కాలీఫ్లవర్ పువ్వుల్లా పైకి లేస్తున్నాయి.

పెట్టె మూత తీసి నా పేరు రాశాను. కలం ఆగలేదు. దాని కింద బావ పేరు, ఇంటిపేరుతో సహా, రాసేశాను. ఆయన వచ్చినట్టే కదా, ఇరవై నిమిషాల దూరం ఒక దూరమా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరే. ఆయన పేరు పైన ఉంటే, నేను ఆయనను కింద వదిలి రాలేదన్నట్టు ఉంటుంది. పుస్తకం మూసి, తొమ్మిది నిమిషాల్లో దిగడం మొదలుపెట్టాను.

ఆయన అనుకున్నదానికంటే చాలా ముందుకు వెళ్ళిపోయారు. కిటికీలు దాటాక కనిపించారు. పక్కన తెల్లజుట్టు ఆవిడ ఒకరు, తన చేతికర్ర ఒకటి ఆయనకు ఇచ్చి, ఏవో కబుర్లు చెబుతూ మెల్లగా నడిపిస్తోంది. నన్ను చూసి, "శిఖరం బాగుందా?" అని అడిగింది. ప్రశ్న మామూలుదే. నేను మాత్రం తల దించుకున్నాను. కూడలి దాకా ఆవిడ మాతోనే వచ్చి, కర్ర తీసుకుని తన దారిన పోయింది.

కూడలి నుంచి కనుమ దాకా ఆ రెండు వందల అడుగుల ఎక్కుడు, ఆ రోజంతటిలోకీ కష్టమైన భాగం. బావ పది అడుగులు వేసి, చేతులు మోకాళ్ళ మీద ఆన్చి, ఇరవై ఊపిరులు తీసుకునేవారు. నేను ఆయన మూట కూడా ముందువైపు తగిలించుకున్నాను. ఈసారి తూచనక్కర్లేకుండానే నాది బరువు. కనుమ దాటి నాలుగు మెలికలు దిగామో లేదో, వెనక ఉరిమింది. సగ్గుబియ్యం గింజల్లాంటి మెత్తని వడగళ్ళు టపటపా రాలి, బాటంతా తెల్లబడి, పావుగంటలో ఆగిపోయాయి. ముందువాళ్ళూ వెనకవాళ్ళూ, అందరం మాటల్లేకుండా, వీలైనంత వేగంగా దిగుతున్నాం. ఎత్తు జబ్బుకు దిగడాన్ని మించిన మందు లేదంటారు. అది నిజమని నాకు తెలిసింది ఆ మెలికల్లోనే. తీగల కటకటాలు దాటిన కాసేపటికి వెనక నుంచి సన్నగా వినపడింది: "డెబ్భై."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని భయం.

పైనుంచి ఎంచుకుంటూ వస్తున్నారట. ట్రైల్ క్యాంపు దగ్గర, "తొంభై ఏడు," అని తేల్చి చెప్పి, మిగిలిన చిప్స్ అడిగారు. పొట్లం ఖాళీ అని చెప్పాల్సి వచ్చింది. మిగతా ఆరు మైళ్ళు పొడుగ్గా, మోకాళ్ళ నొప్పులతో, ఎక్కడా అయిపోకుండా సాగాయి. చీకటిపడ్డాక మళ్ళీ దీపాలు వెలిగించి, ఎనిమిది నలభైకి పోర్టల్ చేరాం. తెల్లవారుజామున వేలాడిన త్రాసు అలాగే వేలాడుతోంది.

కారు తలుపు తీసి, ఇద్దరం చెరో పక్కన కూర్చుని, బూట్లు విప్పుకుంటున్నాం. అప్పుడు చెప్పాను, పైన పుస్తకంలో మీ పేరు కూడా రాశానని. సంతోషిస్తారని నిజంగానే అనుకున్నాను. లేసు ముడి మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నేను ఎక్కలేదు కదరా."

"ఎక్కినట్టే బావా. పద్నాలుగు వేల అడుగులు దాటి ఎక్కారు. ఇంకో ఇరవై నిమిషాలు..."

"నన్ను వదిలి వెళ్ళినందుకు నేనేమీ అనుకోలేదు. నేనే వెళ్ళమన్నాను. దానికి పరిహారంగా నా పేరు వాడుకుంటే ఎలా?"

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడు కూడా పెంచలేదు. లేసు విప్పి, బూటులోంచి ఇసుక దులిపి, లోన్ పైన్‌లో గది చేరేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న దోవలో మాట్లాడారు కాని వేరే విషయాలు. ఆ తరువాత రెండేళ్ళలో ఇంట్లో ఎవరు విట్నీ మాట ఎత్తినా, "మావాడు ఎక్కాడు, నేను కప్పు చూసి వచ్చాను," అనేవారు.

2016 సెప్టెంబరులో ఒక సాయంత్రం నా ఫోన్‌కు ఆయన నుంచి ఒక ఫోటో వచ్చింది. నాతో చెప్పకుండా ఫిబ్రవరిలో లాటరీ వేశారట, పర్మిట్ దొరికిందట, హార్స్‌షూ మెడోస్‌లో పదివేల అడుగుల ఎత్తున రెండు రాత్రులు గుడారం వేసుకుని ఒళ్ళు అలవాటు చేసుకున్నాక ఎక్కారట. ఇవన్నీ తరువాత అక్క చెప్పింది. ఫోటోలో ఉన్నది పుస్తకంలోని ఒక పేజీ మాత్రమే. నేను రాసిన పుస్తకం ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, ఇది కొత్తది. ఇంగ్లీషు పేర్ల మధ్యలో గుండ్రని తెలుగు అక్షరాలతో ఆయన పేరు, తేదీ, శిఖరం చేరిన సమయం పదకొండు నలభై అని ఉన్నాయి. దాని కింద, స్కేలు పెట్టి గీసినట్టున్న గీత కింద, ఇంకో వరుస ఉంది: "12-8-2014 నాటి నమోదు చెల్లదు."

పక్కన పొట్టి సంతకం.